కాలువ వైపు మనిషి

బెల్లు కొట్టినా ఆ మనిషి పక్కకి తప్పుకోలేదు.

తూము దగ్గర, గట్టు సన్నబడే చోట, సరిగ్గా కాలువ అంచున నడుస్తున్నాడు. అమలమ్మ టీచరు బ్రేకు నొక్కి కాలు కింద పెట్టింది.

"బెల్లు వినపడలేదా?"

"వినపడిందమ్మా."

"మరి పొలం వైపు నడవొచ్చుగా."

తల వంచుకుని నవ్వాడే గాని కాలువ వైపు వదల్లేదు. చివరికి ఆవిడే పొలం వైపు నుంచి తిప్పుకుని పోయింది.

మర్నాడూ అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. మెట్ట ప్రాంతం నుంచి నాట్లకి వచ్చిన కూలీ, పేరు పుల్లయ్యట. పనిలోకి వెళ్ళేముందు నడవడానికి అతనికి ఊరంతట్లో ఆ ఒక్క చోటే దొరికింది కాబోలు.

ఈ సైకిల్ పిచ్చి అమలమ్మకి నలభై దాటాక పట్టుకుంది.

కూతురు నర్సు ట్రైనింగుకని బెజవాడ వెళ్ళిపోతే దాని సైకిల్ వసారాలో దుమ్ము పట్టిపోయింది. వేసవి సెలవుల్లో ఓరోజు తుడుద్దామని బయటికి తీసింది. తుడిచాక ఎక్కి చూద్దామనిపించింది.

అప్పటికి కాలువలు కట్టేసి ఉన్నాయి. గట్టు మీద నేర్చుకుంటూ ఎన్నిసార్లు ఎండు కాలువలోకి దొర్లిందో లెక్కలేదు. మోచేతులు గీరుకుపోయినా అక్కడే ఇసుకలో కూర్చుని నవ్వుకునేది.

కంకిపాడు వెళ్ళడానికి కాదు, బడికీ కాదు. బడి ఇంటి పక్కనే. ఊరికే తొక్కడమే ఇష్టం. పొద్దున్నే కుచ్చిళ్ళు దోపుకుని గాలికి ఎదురు పోతుంటే మోకాళ్ళ నొప్పులూ, దిద్దాల్సిన కాపీ పుస్తకాలూ అన్నీ వెనకే ఉండిపోయేవి.

తర్వాత కాలువలు వదిలారు. గట్టు అంచుదాకా నీళ్ళు.

ఆవిడ భర్త శౌరయ్య గుండెల్లో రాయి పడింది. కూలీలు లారీ దిగి గట్టు మీద పాకలు వేసుకుంటున్న రోజే, వాళ్ళందరి ముందూ చెప్పేశాడు.

"నీకు ఈత రాదు, నాకూ రాదు. ఒక్కసారి పడ్డావని తెలిసిందా, ఆ సైకిల్ అమ్మేస్తాను."

సరేనంది. అనక ఏం చేస్తుంది. పరీక్షలంటే పిల్లలు ఎందుకు వణుకుతారో ఆవిడకి అప్పుడు తెలిసింది.

అలాంటి సమయంలో ఈ పుల్లయ్య ఒకడు దాపురించాడు. శౌరయ్యతో చెబితే అసలుకే మోసం. గట్టు మీద అన్ని ఇబ్బందులుంటే మానెయ్యమంటాడు. పళ్ళు నూరుకుంటూ తొక్కింది.

ఓరోజు తెల్లవారుజామున వాన కురిసింది. తూము దగ్గర బురదలో ముందు చక్రం జారి, హ్యాండిల్ సరాసరి కాలువ వైపు తిరిగింది. ఎదురుగా పుల్లయ్య.

సైకిల్ అతన్ని గుద్దుకుని ఆగింది. ఆవిడ కాళ్ళు నేలకి ఆనాయి. అతను మాత్రం అంచు జారి నడుం లోతు నీళ్ళలో పడి, తుంగ దుబ్బులు రెండు చేతులా పట్టుకున్నాడు.

ఎలాగో పైకి పాకాడు. నిలువెల్లా వణికిపోతున్నాడు. ఆ ఉక్కలో అంత వణుకేమిటని ఆవిడ ఆలోచించలేదు. భయం వేసినప్పుడల్లా ఆవిడకి కోపం వస్తుంది.

"నువ్వు అడ్డం రాబట్టేగా ఇదంతా. ఇంకెప్పుడూ ఈ గట్టు మీద నాకు కనపడకు."

అతను తలగుడ్డ పిండుకున్నాడు.

"మీరు పడలేదుగదమ్మా," అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

పడలేదు. ఎవరూ చూడనూ లేదు. అమ్మయ్య అనుకుంది.

మర్నాటి నుంచి పుల్లయ్య కనపడలేదు. గట్టంతా తనదే అయింది. నాట్లు పూర్తయ్యేసరికి తొక్కడం ఎంత బాగా వచ్చేసిందంటే, సైకిల్ అమ్మే మాట ఇంక ఎత్తనని శౌరయ్యే ఒప్పుకున్నాడు. ఆవిడకి పెద్ద బరువు దిగిపోయింది.

ఆ సంతోషంలోనే, కూలీలు పాకలు విప్పుతున్న చోట సైకిల్ ఆపింది. ఆ రోజు అన్న మాట లోపల ముల్లులా ఉండనే ఉంది. పుల్లయ్య భార్య రావమ్మ గిన్నెలు మూట కడుతోంది. మీ ఆయనేడని అమలమ్మ అడిగింది.

మీరు కనపడొద్దన్నాక గట్టు వదిలేసి పొలాలకి అడ్డం పడి పోయేవాడని చెప్పింది రావమ్మ. ఊళ్ళో వానలు పడ్డాయని కబురొస్తే అరక కట్టడానికి ముందే వెళ్ళిపోయాడంది.

నీళ్ళలో పడి జబ్బు చేసిందేమోనని బెదురుతున్న అమలమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఇంతకీ తూము దగ్గర అలా అడ్డంగా ఎందుకు నడిచేవాడని అడిగింది.

"పడితే సైకిలమ్మేస్తానని అయ్యగారంటే విన్నాడమ్మా. అంత ఇష్టంగా తొక్కుకుంటా ఉంటే మానిపించేస్తారే అని ఒకటే బాధ. నేను కాలవేపు ఉంటే ఆయమ్మ పొలం వేపు పోద్ది, పడినా బురదలో పడుద్ది అనేవోడు."

అమలమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

"ఎంత ఈతగాడైతే మాత్రం, అంత అంచునా నడవడం..." అంది.

రావమ్మ నవ్వింది.

"ఈతా? ఈడికొచ్చిందాకా కాలవనేదే చూళ్ళేదమ్మా ఆయన. వచ్చిన కొత్తలో ఈ గట్టెక్కాలంటే నా చెయ్యి పట్టుకుని నడిచేవోడు."