ఎయిటీజీ సారు

"ఇంకోసారి చెప్పుండ్రి సార్, మెల్లగ," అంది ఉమారాణి, కుట్టుమిషన్ల చప్పుడు మీదుగా గొంతు పెంచి. "యాభై వేలు చందా ఇస్తే మాకెంత మిగులుతది?"

దివాకర్ సారు మూడోసారి చెప్పాడు. ఆదాయపు పన్ను చట్టంలో ఎయిటీజీ అనే సెక్షన్ కింద, ఇచ్చినదాంట్లో సగాన్ని ఆదాయంలోంచి తీసేస్తారు. ఆ సగం మీద కట్టాల్సిన పన్ను కట్టనక్కర్లేదు.

"మీరు ముప్పై శాతంల ఉన్నరు గద అమ్మా?"

"ఉన్నం సార్. మస్తు పడుతది."

"అయితె ఏడున్నర వేలు మిగులుతయి. ఎయిటీజీ రసీదు నేనిస్త."

సిరిసిల్లలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో పద్దెనిమిది మిషన్లున్నాయి. పద్దెనిమిది మిషన్లున్న మనిషికి ముప్పై శాతం పన్ను పడదా అని, దివాకర్ సారు ఇంకేమీ అడగలేదు.

ఆయన జగిత్యాలలో కామర్స్ లెక్చరర్‌గా రిటైరై ఏడేళ్లయింది. నేతకార్మికుల ఆడపిల్లలకు నర్సింగు ఫీజులు కట్టడానికి కోరుట్లలో పెట్టిన శాశ్వత నిధికి చందాలు తెచ్చే పని నెత్తినేసుకున్నాడు. అసలును ముట్టరు, వడ్డీతోనే ఫీజులు. ఇరవై లక్షలు నిండితేనే జూన్ నుంచి ఫీజులు మొదలుపెట్టాలని కమిటీ తీర్మానం. ఇంకో లక్ష తక్కువుంది. మార్చి నెల అయిపోవస్తోంది.

దానం చెయ్యండని అడిగితే తలుపులు మూసుకునేవాళ్లు, పన్ను మిగులుతుందంటే కుర్చీ వేస్తారని ఆయన కనిపెట్టాడు. ఆ కనిపెట్టినదానికి తనను తానే మెచ్చుకునేవాడు. ఊళ్లల్లో ఆయనకు ఎయిటీజీ సారు అని పేరు పడింది. అది బిరుదో వెక్కిరింతో తేల్చుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది.

గుడ్డ కత్తిరిస్తున్న మహిపాల్ తలెత్తాడు. ఉమారాణి భర్త. దుబాయిలో పదకొండేళ్లు చేసి వచ్చాడు.

"ఏడున్నర కోసం యాభై పోగొట్టుకుంటమా? గా ఎండల సస్తుంటె నాకెవలన్న ఒక్క దిర్హం ఇచ్చిండ్రా?"

"నువ్వాగయ్యా," అంది ఉమారాణి. "సార్, లక్ష ఇస్తే?"

"పదిహేను వేలమ్మా."

"ఇన్నవా? పదిహేను వేలు! గవర్నమెంటుకు పొయ్యేటియి మనకే మిగులుతయి."

మహిపాల్ కత్తెర పక్కన పడేశాడు. గొణిగాడు. చెక్కుబుక్కు తెచ్చి లక్షకు సంతకం పెట్టి, మళ్లీ గొణిగాడు.

బస్సులో దివాకర్ సారు చెక్కును నాలుగుసార్లు చూసుకున్నాడు. ఆమెకు ఆడపిల్లల మీద జాలి లేదు, లెక్క మీదే ధ్యాస, అనుకున్నాడు. ఆ లెక్కను తనెంత చక్కగా చెప్పాడో తలుచుకుని మురిసిపోయాడు. జూన్‌లో ఇద్దరు పిల్లలు నర్సింగులో చేరారు.

జూలైలో కోరుట్ల కమిటీ మీటింగులో, నిధి లెక్కలు చూసే శారద మాటవరసకు అంది. "కొత్త పద్ధతిల ట్యాక్స్ కట్టేటోళ్లకు ఎయిటీజీ రాదు సార్. ఇప్పుడు చానా మంది అండ్లనే ఉన్నరు. మీరు ఇచ్చేటోళ్లను అడుగుతున్నరు గద?"

దివాకర్ సారు అడగలేదు. ఆయన పాఠం చెప్పిన రోజుల్లో ఒకటే పద్ధతి ఉండేది. బయటికొచ్చి ఉమారాణికి ఫోన్ చేశాడు.

"మీది కొత్త పద్ధతా పాతదా అమ్మా?"

"కొత్తదే సార్. ఏమాయె?"

"ఏం లేదు, ఏం లేదు," అని పెట్టేశాడు.

రెండు రోజులు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన సబ్జెక్టులో తనే తప్పాడు. మూడో రోజు పింఛనులోంచి పదిహేను వేలు తీసి, కవర్లో పెట్టి సిరిసిల్ల బస్సెక్కాడు.

మహిపాల్ బయట ఆటోలోకి మూటలు ఎక్కిస్తున్నాడు. దివాకర్ సారు అతని కంట పడకుండా లోపలికి వెళ్లి ఉమారాణి ముందు కవరు పెట్టాడు. మొత్తం చెప్పాడు.

ఉమారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కొత్తదైతేంది, పాతదైతేంది సార్? మాకు ట్యాక్స్ పడేంత రాబడి ఏడున్నది? వచ్చింది వచ్చినట్టు మిషన్ల లోను కిస్తులకే పోతది."

"మరి ముప్పై శాతం అన్నరు?"

"ఆయన ఇనాలె గద. దానమంటె ఇయ్యనియ్యడు. మీరు దేవునోలె వచ్చి లెక్క చెప్పిండ్రు." ఆమె కవరు వెనక్కి తోసింది. "నాకు గూడ నర్సు కావాలనే ఉండె సార్. మావోళ్లు ఫీజు కట్టలేకపాయిరి. ఆయనకు మాత్రం చెప్పకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

దివాకర్ సారు కవరు జేబులో పెట్టుకున్నాడు. ఆయన వాగ్ధాటికి పడిపోయిన మనిషి ఆ షెడ్డు మొత్తంలో ఒక్క మహిపాలే అని తేలింది. ఆ ఒక్కడి ముఖం చూడటానికి కూడా ఇప్పుడు సిగ్గేసింది.

ఆ మహిపాలే బండి మీద బస్టాండుకు దింపుతానన్నాడు. సారు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కిందనుంచి అడిగాడు.

"వచ్చే మార్చిల వస్తరా సార్?"

"వస్త... పన్ను..."

"రాండ్రి. లెక్క గట్లనే గట్టిగ చెప్పుండ్రి. మా ఆమె మస్తు సంబురపడుతది."

బస్సు కదిలింది. మహిపాల్ నాలుగడుగులు పక్కనే నడిచి, కిటికీ దగ్గర గొంతు తగ్గించాడు.

"మాకు ట్యాక్స్ పడదని నాకూ ఎరుకే సార్."