ఇసుక వాసన చూసే డ్రైవరు

"మాట్లాడేది వద్దప్పా. నోరు లేనిది చూపించు," అన్నాడు గంగులయ్య.

కువైట్‌లో, షువైఖ్‌లోని ఆ కొట్లో తొమ్మిదేళ్లుగా జీపీఎస్‌లు అమ్ముతున్న ఖాజా హుస్సేన్‌కు ఇలాంటి బేరం ఇదే మొదలు. ఎడారికి వెళ్లేవాళ్లు ఎవరైనా పెద్ద తెర అడుగుతారు. గట్టిగా వినబడే గొంతు అడుగుతారు. ఆడగొంతైతే మరీ సంతోషం. రాయచోటి నుంచి వచ్చిన ఈ యాభై ఎనిమిదేళ్ల ఇంటి డ్రైవరు మాత్రం తెర చిన్నదిగా ఉండాలంటాడు. వెలుతురు బాగా తగ్గించుకునే వీలుండాలంటాడు. పైగా చూడకుండా వేలితో తడిమితే తెలిసే మీటలుండాలట.

ఖాజాది కడప. గంగులయ్య గురించి అతనికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. షువైఖ్ గ్యారేజీల్లో ఆయన ముక్కు గురించి తెలియనివాళ్లు లేరు.

ఇరవై రెండేళ్లుగా ఆయన ఒకే కువైటీ ఇంట్లో డ్రైవరు. చలికాలం రాగానే ఆ కుటుంబం ఎడారిలో గుడారాలు వేస్తుంది. దారి తప్పామేమో అని అందరూ ముఖాలు చూసుకునే చోట గంగులయ్య బండి ఆపుతాడు. దిగి, నాలుగడుగులు పక్కకు పోయి, అందరికీ వీపు తిప్పి గొంతుక్కూర్చుంటాడు. గుప్పెడు ఇసుక తీసి వాసన చూస్తాడు. లేచి చెయ్యి చాపుతాడు. ఆ చెయ్యి చూపిన వైపే గుడారాలుంటాయి. ఇంటి యజమాని పెద్ద బాబా తన ఇంటికొచ్చిన అతిథులకు ఖర్జూరాలతో పాటు ఈ ముక్కు కథ కూడా వడ్డిస్తాడు. ఇద్దరు కుర్ర డ్రైవర్లు వచ్చాక కూడా గంగులయ్యను ఉంచుకున్నది ఆ ముక్కు కోసమే.

చిక్కల్లా చదువుకుని వచ్చిన ఆయన కొడుకు చిన్న బాబాతోనే. పోయిన ఆదివారం అతిథుల ముందే అతను నవ్వాడట. ఈ కాలంలో ఇసుక వాసనేమిటి, నా కొత్త బండికి ఒక మిషన్ తగిలిస్తే చాలు అన్నాడట. పెద్దాయనకు పౌరుషం వచ్చింది. మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్లింది. శుక్రవారం పొద్దున సాల్మి రోడ్డు అంచు నుంచి గుడారాల దాకా కొడుకు మిషన్‌తో, తండ్రి గంగులయ్యతో బయల్దేరాలి. మిషన్ ముందు చేరితే గంగులయ్యకు ఖలాస్, ఇక ఉద్యోగం ఉండదు.

ఈ కబురు వంటింట్లోంచి వంటమనిషి తిరుపాలమ్మ మోసుకొచ్చింది. "అన్నా, నీ ముక్కుకు పరీక్ష పెట్టినారు. తప్పితే టికెట్టు తెగినట్టే."

గంగులయ్యకు అన్నం సయించలేదు. చిన్న కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్లుంది. అది చాలదన్నట్టు చిన్న బాబా తన కార్డు ఆయన చేతికే ఇచ్చి, మిషన్ నువ్వే చూసి తెచ్చిపెట్టు అని పంపాడు.

ఖాజా గొంతు తగ్గించాడు. "అన్నా, నాకర్థమైందిలే. ఓడిపోయేదాన్ని తీసకపోవాలని చూస్తాండావు. ఈ చిన్నది ఆట సామాను మాదిరి కనపడతాది గానీ, దారి మాత్రం తప్పదు. ముందే చెప్తాండా."

"తప్పదా? నిజమేనా?"

"దుమ్ము లేచినా తప్పదు."

గంగులయ్య పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఖాజాకు జాలేసింది.

కాసేపు ఆలోచించి, కొట్లో అన్నిటికంటే పెద్దదీ ఈ చిన్నదీ రెండూ కట్టమన్నాడు గంగులయ్య. పెద్దదానికి చిన్న బాబా కార్డు గీయించాడు. అతనికి ఏది నచ్చుతుందో ఏమో, నచ్చనిది వెనక్కి తెస్తాననీ, అంతవరకు చిన్నదానికి తన డబ్బు పెట్టుకోమనీ అన్నాడు. ఖాజా సరేనన్నాడు. చిన్న బాబాకు పెద్దదే నచ్చింది. తెర పెద్దదైతే దారి కూడా ఎక్కువ కనబడుతుందని అతని నమ్మకం.

శుక్రవారం పొద్దున్నే దుమ్ముగాలి లేచింది. బుధవారం గంగులయ్య కట్టెలు దింపి వచ్చిన టైరు జాడలు కూడా మిగల్లేదు. ఎటు చూసినా ఒకటే రంగు.

"యల్లా, పదండి," అన్నాడు పెద్ద బాబా.

చిన్న బాబా బండిలో మిషన్ తీయని గొంతుతో నేరుగా పొమ్మంది. అతను నేరుగా పోయాడు. రెండు మైళ్లు తిరక్కుండానే మెత్తటి ఇసుకలో చక్రాలు సగానికి దిగబడ్డాయి. తీయని గొంతు మాత్రం నేరుగా పొమ్మని చెబుతూనే ఉంది.

గంగులయ్య మూడుసార్లు ఆపాడు. మూడుసార్లు దిగాడు, వాసన చూశాడు, చెయ్యి చాపాడు. మెత్తటి నేల ఎక్కడుందో ఇరవై రెండేళ్ల స్టీరింగుకు తెలుసు. దాన్ని చుట్టి వచ్చి, గుడారాల ముందు బండి ఆపేసరికి ఇంకా గహ్వా కాఫీ కాగనే లేదు.

కాగాక మొదటి కప్పు పెద్ద బాబా తన చేత్తోనే గంగులయ్యకు అందించాడు. నేను బతికున్నన్నాళ్లూ ఇతని ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి, నా ఇంటి మీదే అని అందరూ వినేలా అన్నాడు. ముప్పావు గంట తర్వాత మోకాళ్ల దాకా దుమ్ముతో చిన్న బాబా నడిచొచ్చాడు. అక్కడే కూర్చుని, గుప్పెడు ఇసుక తీసి వాసన చూసి, గట్టిగా తుమ్మాడు.

అందరూ నవ్వుతుంటే గంగులయ్య వినయంగా తలవంచుకుని, అంతకుముందు వాడిన రెండింటికన్నా, పోయిన సోమవారం కారు కడిగే బకెట్లో పడి చచ్చిన మూడోదానికన్నా ఈ నాలుగో జీపీఎస్సే నయమనుకుంటూ, దాన్ని స్వెటరు చేతిలోకి ఇంకాస్త పైకి తోసుకున్నాడు.