నోట్లో సూదులు

...అయినా ఒక చెయ్యి గాలిలోకి ఎత్తి నిలబడి ఉద్యోగం మానెయ్యాల్సి రావడం ఏం ఖర్మ అనుకున్నాడు కుట్టుపనివాడు. జడ్జిగారిదీ అతనిదీ ఒకటే పొట్ట. అందుకే ఆయన కోటు కొలతలన్నీ అతని ఒంటిమీదే సరిచూస్తాడు టైలరు మాస్టారు.

మాస్టారు పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి, అతనికి తొడిగిన ఆ కోటు చంక దగ్గర గుచ్చుతున్నాడు. ఆ నోరు మూతపడి ఉండేది ఈ కాసేపే.

"రేపట్నుంచి నేను రాను."

"ఊఁ" అని, రెండో చెయ్యి కూడా ఎత్తమన్నట్టు గడ్డం ఎగరేశాడు మాస్టారు.

"ఎత్తను. నేను కుట్టిన కాలరు నలుగురి ముందూ పర్రున చింపేస్తారా? తొమ్మిదేళ్లు గాడిదచాకిరీ చేశానండీ!"

"ఊఁ."

"మీ దగ్గర తిట్లు తిని ఇంటికెళ్తే మా ఆవిడ తిట్లు జోలపాటలా ఉంటున్నాయి!"

"ఊఁ."

కుట్టుపనివాడు విసురుగా గుమ్మం దాకా వెళ్లాడు. జడ్జిగారి కోటూ వెంటే వచ్చింది. విప్పబోతే పదిచోట్ల పొడుచుకుంది. చేసేది లేక తిరిగొచ్చి నిలబడ్డాడు.

"ఆ సూదులు తీసి తిట్టండి. విని పోతాను."

మాస్టారు నోరు తెరిచాడు. లోపల ఒక్క సూదీ లేదు.

"ఎప్పుడైపోయాయి?"

"నువ్వు కాలరు మాట ఎత్తినప్పుడే."

"మరి నోరెందుకు మూసుకున్నారు?"

"తెరిస్తే నువ్వు చెప్పడం ఆపేస్తావుగా. తొమ్మిదేళ్లుగా అదేగా చేశావు."

మాస్టారు సూదుల డబ్బా అందుకున్నాడు.

"రేపు మాత్రం రానండీ" అంటూ అతను రెండో చెయ్యి ఎత్తాడు.