అరగంట కునుకు

"ఇవాళ కునుకు తీయవా నాన్నా?" అంది పిట్ట, గొంతులో కంగారు కనబడనివ్వకుండా.

"లేదే. టీచరుగారు నాలుగింటికే వచ్చేస్తానన్నారు. ఇక్కడే కూచుంటా" అన్నాడు చెవుల మాస్టారు, కారు పక్కన స్టూలు లాక్కుని.

కొంప మునిగిందనుకుంది పిట్ట.

కార్లలో స్పీకర్లు ఎవరైనా బిగిస్తారు. బిగించాక పాటను సరిచెయ్యడమే అసలు విద్య. డ్రైవరు సీటుకి ఒక స్పీకరు దగ్గర, ఇంకోటి దూరం. దగ్గరిదాన్ని వెంట్రుకవాసి ఆలస్యంగా మోగిస్తేనే రెండు శబ్దాలూ ఒకేసారి చెవినపడి, పాడే మనిషి ఎదుటి అద్దం ముందు కూచుని పాడినట్టుంటుంది. ఆ వెంట్రుకవాసిని ఏ మీటరూ లేకుండా పట్టేస్తాడు కాబట్టే ఆయన చెవుల మాస్టారయ్యాడు. ముప్ఫై ఏళ్ళ పేరు, ఊరికే వచ్చింది కాదు.

సందుగొందుల్లో దూరి వైర్లు లాగే కూతురికి పిట్ట అని పేరు పెట్టిందీ ఆయనే. వైర్ల పనిలో ఆమెకి తిరుగులేదు. కానీ మూడేళ్ళ కిందట "సీట్లో కూచుని విను, సరిచెయ్యడం నేర్పుతా" అంటే మాత్రం, "నా చెవికంత సీను లేదు నాన్నా. నేను పాడు చేస్తే పోయేది నీ పేరు" అని తప్పించుకుంది. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే పిట్ట గుండెల్లో రాయి పడింది. నాన్న సరిచేసిన కారులో సరదాకి పాట పెడితే, గొంతు ఎడమ తలుపులోంచి వస్తోంది! చెవులు దులుపుకుని మళ్ళీ వింది. అనుమానం లేదు. నాన్నకి చెవులు మందగించాయి.

ఆ సంగతి చెబితే మనిషి దక్కుతాడా? భోజనమయ్యాక ఆయన "అరగంట నడుం వాలుస్తా, కారు జోలికి పోకు" అని వెనక గదిలోకి వెళ్ళగానే దొంగలా సీట్లో దూరింది. ఏ మీట ఎటు తిప్పాలో తెలియక తడబడింది. ఆ ఒక్క తప్పూ దిద్దేసరికి అరగంటా అయిపోయింది.

అప్పట్నుంచీ అదే వరస. ఒక కారులో బేసు జోరుకి గొంతు మునిగిపోయేది. ఇంకోదాంట్లో పాటలో 'స' అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుండేది. రానురాను తప్పులు మరీ సన్నబడి, పట్టుకోవడానికి చెమటలు పట్టేవి. పిట్ట మాత్రం ఒక్కటీ వదల్లేదు. కునుకు తీసి లేచిన మాస్టారు కారు ఒక చుట్టు తిప్పి వచ్చి, "చూశావా? మన పనంటే ఇదీ!" అని మీసం మెలేసేవాడు.

"నీకెవరు సాటి నాన్నా!" అనేది పిట్ట. నాన్న తల ఎత్తుకునే ఉన్నాడు, అది తన చలవే అని లోలోపల పొంగిపోయేది.

ఇవాళ్టి కారు వయోలిన్ టీచరుగారిది. ఆవిడ చెవి సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడ పెదవి విరిస్తే ముప్ఫై ఏళ్ళ పేరూ మట్టిపాలే. పొద్దున అద్దాలు తుడిచే వంకతో పిట్ట వింది. అంతా బ్రహ్మాండంగానే ఉంది గానీ, వయోలిన్ కింది స్వరాలకి దిగినప్పుడల్లా జానెడు కుడికి జరుగుతోంది.

మూడున్నరయింది. తండ్రి స్టూలు మీంచి కదల్లేదు.

"టీ తాగి రారాదూ?"

"వద్దు."

"కళ్ళు ఎర్రగా ఉన్నాయి నాన్నా, కాస్సేపు..."

"కళ్ళతో పనేమిటే మనకి? మనది చెవుల బేరం!"

పిట్టకి ఏడుపొచ్చింది. నోరు మూసుకుంటే నాన్న పరువు ఆవిడ ముందు పోతుంది. నోరు తెరిస్తే తన ముందు పోతుంది. తన ముందైతే దాచుకోవచ్చు అనుకుంది.

"నాన్నా, ఈ కారులో తప్పుంది."

"ఎవరు సరిచేసిన కారులో?"

"నువ్వు సరిచేసిన కారులోనే. వయోలిన్ కిందికి దిగితే జానెడు కుడికి పోతోంది. నీకు వినబడట్లేదు. మూడేళ్ళుగా నువ్వు పడుకున్నాక నేనే దిద్దుతున్నాను. తిట్టు, కొట్టు, కానీ ఆవిడొచ్చేలోపు నన్ను సీట్లో కూచోనీ!"

మాస్టారు లేచి కారు తలుపు తీశాడు.

"కూచో."

నాన్న కళ్ళెదుట ఆ సీట్లో పనిచెయ్యడం అదే మొదలు. విచిత్రం, ఎక్కడా తడబడలేదు. పది నిమిషాల్లో వయోలిన్ మధ్యకొచ్చి నిలబడింది.

టీచరుగారు వచ్చి, కళ్ళు మూసుకుని పాట మొత్తం విన్నారు. "నా ఎదురుగా కూచుని ఎవరో వాయిస్తున్నారండీ! తీగ మీద కమాను ఒరుసుకోవడం కూడా తెలుస్తోంది. మీ చెవులకి దండం పెట్టాలి మాస్టారూ."

"దండం మా అమ్మాయికి పెట్టండమ్మా! ఇది పూర్తిగా దాని పని!" అన్నాడాయన, పక్క కొట్లన్నిటికీ వినబడేలా.

కారు వెళ్ళిపోయింది. పిట్ట ముక్కు ఎగబీల్చి, తండ్రి చెయ్యి పట్టుకుంది.

"రేపు చెవుల డాక్టరు దగ్గరికి పోదాం నాన్నా. ఇందులో నామోషీ ఏముంది? వయసన్నాక..."

"డాక్టరెందుకే? అదిగో, ఆ చివరి కొట్లో టైరులోంచి గాలి పోతోంది. వినబడుతోందా నీకు?"

పిట్ట చెవులు రిక్కించింది. ఏమీ వినబడలేదు. ఇంకా బింకమే, పాపం, అనుకుంది.

మాస్టారు కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"ఆ తప్పులన్నీ నేను కావాలని పెట్టినవే తల్లీ."