సగటు పులుసు

సింహాద్రి పోయి ఏడాది తిరిగింది. ఆయన పేర పెట్టే విస్తట్లోకి చేపల పులుసు ఉడుకుతుంటే, ఆ నీచు వాసనకి భార్య కాంతమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. బతికున్నన్నాళ్లూ ఆయన ఆ వాసన తగిలితే చాలు, వీధిలోకి పరిగెత్తేవాడు.

"ఎవరే ఇది వండమన్నది?" అని ఆడపడుచు పైడమ్మను అడిగింది.

"గుర్తులపెట్టె చెప్పింది వదినా. మా అన్నకి చేపలంటే పేణం కదా!"

గుర్తులపెట్టె ఇప్పుడు ప్రతి ఇంటి గోడకీ ఉంది. ఎవరి జ్ఞాపకం ఎంత మాసిందో రోజూ గీత గీసి చూపిస్తుంది. మాసినచోట, మనం మరిచిన మనిషిలాంటి వాళ్ల గురించి ఎక్కువమందికి గుర్తున్నదేదో తెచ్చి, నిద్రలో కొంచెం కొంచెంగా నింపుతుంది.

"మీ అన్న చేప ముట్టేవాడు కాదే!"

"నీ గీత అడుగుకొచ్చేసింది, అందుకే అలా అనిపిస్తంది. సర్దుకుంటదిలే. నలుగురితో పాటు నారాయణా అనరాదూ!"

చుట్టాలంతా విస్తరి ముందు చేరి, ఆయన ముళ్లు చప్పరించిన తీరు చెప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. చచ్చినాయన మెడలో ఎండుచేపల దండ వేసినట్టు కాంతమ్మకు రోత పుట్టింది. గిన్నె లాక్కుని పెరట్లో పారబొయ్యాలని వంగింది. పైడమ్మ విస్తట్లో తోక ముక్క వేస్తోంది.

"తోక కాదే, తలకాయ వెయ్యి. అదైతేనే ఆయన..."

కాంతమ్మ నోట్లోంచి వచ్చిన ఆ మాట సగంలో ఆగింది. "అదీ!" అంటూ పైడమ్మ నవ్వింది.

కాంతమ్మ పెరట్లోకి పరిగెత్తి, వేళ్లతో నాలుక గీకి గీకి ఉమ్మింది. చేప ముక్క ఒక్కటీ తినలేదు. అయినా నోరంతా నీచుగానే ఉంది.