కురుగోడులో ఎక్కే మనిషి

బస్సు కురుగోడు దాటగానే పక్క సీటు ఆవిడ సుమ చొక్కా చెయ్యి పైకి లాగింది.

మోచేతి కింద నాలుగు వేళ్ళ అచ్చు. నల్లగా కమిలి ఉంది.

"బళ్ళారి ఎండకి పొడుగు చేతులేసుకుంటే అప్పుడే అనుకున్యా," అంది ఆవిడ.

సుమ చెయ్యి లాక్కుంది. "ఏందమ్మా ఇది? ఎవురు నువ్వు?"

"వాన్ని ఇడ్సిపెట్టు సుమా."

"నా పేరు నీకెట్ల తెల్సు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

ఆనాటి నుంచి రోజూ అంతే. సుమ కురుగోడుకి ముందున్న ఎమ్మిగనూరు పల్లెలో ఎక్కి బళ్ళారి కాలేజీకి పోతుంది. ఆవిడ కురుగోడులో ఎక్కి సుమ పక్కనే కూచుంటుంది. బస్టాండు రాకముందే కొంగు తల మీదికి లాక్కుని దిగిపోతుంది. రోడ్డు దాటి మళ్ళీ వెనక్కి పోయే బస్సెక్కుతుంది.

"ఆడోళ్ళకి టికెట్ ఉచితం చేసినాక ఇదొక రోగం," అని కండక్టర్ హొన్నప్ప నవ్వుతాడు. "పనీ లేదు పాటా లేదు, ఊరికే తిరుగుతాండాది."

బస్టాండులో బైకు మీద సిద్ధు ఉంటాడు, సుమ ప్రేమించినవాడు. ముందు సుమ ఫోన్ లాక్కుని చూస్తాడు. దారిలో ఎవరితో మాట్లాడిందో చెప్పాలి. చెప్పకపోతే చెయ్యి లేస్తుంది.

కొట్టినాక ఏడుస్తాడు. "నాకెవురుండారు సుమా? సిన్నప్పుడే మాయమ్మ సచ్చిపాయె."

ఆ మాటకు సుమ కరిగిపోతుంది. తల్లి లేని పిల్లోడి కోపమట! ఆ ఒక్క మాటకే ఎంతమంది ఆడపిల్లల ఒళ్ళు కమిలిందో ఎవరు లెక్కపెట్టారు?

ఒక రోజు ఆవిడ తన ఎడమ చెవి చూపించింది. తమ్మె రెండుగా చీలి ఉంది.

"కమ్మ పట్టి లాగినాడు నా మొగుడు. ఓర్సుకోమన్యారు, ఓర్సుకున్యా. పక్కన నిలబడి సూసినోడు నేర్సుకున్యాడు. నువ్వు ఓర్సుకోవద్దు. పోలీసుల తాకి పోదాం రా. సాక్షి నేను చెప్తా."

"నువ్వేం సూసినావని చెప్తావు?"

"సూడకుండానే చెప్తానా?"

సుమకు ఒళ్ళు మండింది. "ఇంగోసారి నా పక్కన కూచుంటే బాగుండదు!"

ఆ పొద్దు సిద్ధు ఎప్పటిలాగే అడిగాడు. "బస్సులో ఎవురితో మాట్లాడినావు?"

"ఎవురో ముసలామె. నిన్ను ఇడ్సిపెట్టమంటాది. పోలీసులకి సాక్షి చెప్తాదంట!" సుమ నవ్వింది.

సిద్ధు నవ్వలేదు. "ఎట్లుంటాది?"

"ఎడమ చెవి తెగి ఉంటాది."

అతను బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు కొట్టలేదు. అంతే చాలని సుమ సంతోషపడింది.

మర్నాడు ఆవిడ ఎక్కలేదు. సుమ పక్క సీట్లో బ్యాగు పెట్టుకుని హాయిగా కూచుంది.

ఆ మర్నాడూ రాలేదు. బస్టాండులో సిద్ధూ లేడు. ‘ఊర్లో పని’ అని మెసేజ్ పెట్టాడు.

ఐదో రోజు కురుగోడు సర్కిల్లో బస్సు ఆగింది. సుమ కళ్ళు వాకిలి వైపే ఉన్నాయి. ఎందుకో ఆమెకే తెలీదు.

"అన్నా, ఆ ముసలామె రాలేదేం?"

హొన్నప్ప ఈసారి నవ్వలేదు. "నీకు తెలీదా? మిద్దె మెట్ల మింద జారి పడి పాయెనంట, పాపం. అదో, ఆడ సూడు."

సర్కిల్లో కొత్త శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. పూలదండ బొమ్మ మధ్య ఆవిడ మొహం. కింద పేరు, దురుగమ్మ. ఫ్లెక్సీవాడు తెగిన చెవిని సరిచేసి, మెరిసే కొత్త కమ్మ దిద్దాడు.

సుమ చేతిలో ఫోన్ మోగింది. ఎత్తలేదు.

ఫ్లెక్సీ అడుగున, కన్నడంలో ‘ఒక్కగానొక్క కొడుకు’ అని రాసిన చోట, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ జోడించి ఫోటోలో సిద్ధు నిలబడి ఉన్నాడు.