చివరి గది వాల్వు

మూడు వారాలుగా అర్ధరాత్రి దాటితే చాలు, పిల్లల వార్డులో ఆవిరి హీటర్లు చల్లబడిపోతున్నాయి. పంపు మార్చినా, గొట్టాలు కడిగినా అదే గోల. ఆ రాత్రి మెకానిక్ ఒంటరిగా నేలమాళిగలోకి దిగి, గొట్టం వెంటే నడిచి, చివరి గదిలో అసలు సంగతి పట్టేసింది. వెంటనే, ఇదే ఆసుపత్రిలో ఇదే పనిలో తల పండిన బావకి ఫోన్ చేసింది.

“బావా, దొంగ దొరికాడు! చివరి గదిలో వాల్వు ఎవరో మూసేస్తున్నారు. ఇప్పుడే తెరిచాను!”

“ఆ గదికి ఎప్పుడూ తాళమేగా! తాళంచెవి నా జేబులోనే ఉంది.”

“తలుపు బార్లా తెరిచే ఉంది బావా!”

“మాట్లాడకుండా పైకి వచ్చెయ్ తల్లీ.”

అంతలో ఆమె కళ్లముందే వాల్వు చక్రం కిర్రుమంటూ మూసుకోసాగింది. గదిలో ఇంకెవరూ లేరు. పైన వణికే పిల్లలు గుర్తొచ్చారు. ఫోన్ వదిలేసి, రెండు చేతులా చక్రాన్ని పట్టి వెనక్కి లాగింది.

అవతలి పట్టు బిగిసింది.